ఒకే నోటివి మూడు అచ్చులు

మా బావ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టడు, నోరు చూసి గుర్తుపడతాడు. ముప్పై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నవాడికి అంతకన్నా ఏం అబ్బుతుంది? పెళ్ళికి వెళ్ళొచ్చాక పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడని మా అక్క అడిగితే "కింది వరస కాస్త ఇరుకు" అంటాడు. బస్సులో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నవ్వితే నా మోకాలు తట్టి "ఆ నవ్వు నాదేరా" అని చెవిలో చెబుతాడు. అది నిజమే అయి ఉంటుంది కూడా. ఈ చుట్టుపక్కల అరవై దాటినవాళ్ళ నవ్వుల్లో సగం మా మేడమీది గదిలో తయారైనవే.

ఆ గది ఒక ఫొటో ఫ్రేముల కొట్టు పైన ఉంది. ఇనప మెట్లెక్కి రావాలి. రెండు బల్లలు, ఒక కిటికీ, మెరుగుపెట్టే మోటారు, నీళ్ళ తొట్టి, గోడ పొడుగునా అరలు. అరల నిండా జనాల నోళ్ళు. కొత్తవాళ్ళు గుమ్మంలోనే హడలిపోతారు. నాలుగైదు పళ్ళ ఆసుపత్రుల డాక్టర్లు రోగి నోట్లో మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసి మాకు పంపుతారు. ఆ కొలతలో నేను ప్లాస్టరు కలిపి పోస్తాను. గట్టిపడ్డాక ఊడదీస్తే ఆ మనిషి నోరు తెల్లగా చేతిలోకి వస్తుంది. దాన్ని మేం అచ్చు అంటాం. ఆ అచ్చు మీద బావ పళ్ళు నిలబెడతాడు. కొలతతోపాటు ఒక చీటీ వస్తుంది. అందులో ఒక నంబరు, ఏ పన్ను, ఏ రంగు, ఎప్పటికి కావాలి, అంతే. పేరుండదు, వయసుండదు, ఎందుకు పోయిందో ఉండదు.

నేను ఆయన బావమరిదిని. నాకు చదువు అబ్బలేదు, వ్యాపారం అచ్చిరాలేదు. "వాడికి పొద్దున్నే పళ్ళు తోముకోవడానికే బద్ధకం, వాణ్ణి పళ్ళ పనిలో పెట్టుకుంటారా?" అని మా అక్కే అడ్డుపడింది. బావ నవ్వి పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను గట్టిగా ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ప్లాస్టరు ముందే గడ్డకట్టినా, మోటారు మొరాయించినా, పైన పంకా చప్పుడు చేసినా అరుస్తాను. పళ్ళు ఆయనవి, నోరు నాది అని కింది కొట్టాయన వేళాకోళం.

బావకి ఒకటే గర్వం. ఆయన చేసిన పన్ను ఎవరికీ కనపడకూడదు. పక్క పన్ను మీద చిన్న మరక ఉంటే దీని మీదా ఆ మరక పెడతాడు. పక్కది కాస్త అరిగి ఉంటే దీన్నీ అరగదీస్తాడు. "కట్టినట్టు తెలిస్తే అది కట్టుడు పన్ను. తెలియకపోతే అది పన్ను" అంటాడు. ఆ పనితనం వల్ల ఒకరికి ఎంత చెడు జరిగిందో తెలిసిన రోజున ఆయన ఎలా కూర్చుండిపోయాడో నేను చూశాను. అయితే ఆయనది పనితనం. నాది పాపం. ఈ రెండింటికీ మధ్య తేడా తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి కొలత ఒక ఎండాకాలం వచ్చింది. పై వరసలో ఎడమవైపు ముందు పన్ను ఒకటి. చిన్న నోరు, ఇరవై అయిదు లోపు ఆడపిల్లది. కుడివైపు కోరపన్ను కాస్త మెలి తిరిగి ఉంది. "ఎంత ముద్దుగా ఉందో చూడరా, పక్క పన్ను భుజం మీద చెయ్యేసినట్టు" అని బావ మురిసిపోయాడు. కొలత తెచ్చిన ఆసుపత్రి అమ్మాయి, మెట్ల మీంచి పడిందట పాపం, అంది. బావ ఒక పన్ను ప్లేటు, అంటే తీసి పెట్టుకునే కట్టుడు పన్ను, చేశాడు. మెలికపన్ను అమ్మాయి అని పేరు పెట్టుకున్నాం. అందరికీ అలాంటి పేర్లేవో పెట్టుకుంటాం, నంబర్లతో ఎంతకని మాట్లాడుకుంటాం?

ఎనిమిది నెలలకి అదే ఆసుపత్రి నుంచి కొత్త నంబరుతో కొలత వచ్చింది. ఎడమవైపే, దాని పక్క పన్ను కూడా పోయింది. అచ్చు ఊడదీయగానే బావ నా చేతిలోంచి లాక్కున్నాడు. అరలోంచి పాత అచ్చు తీసి పక్కన పెట్టి అంగిలి చూశాడు. అంగిట్లో మడతలు వేలిముద్రల్లాంటివి, ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. ఆ రెండూ ఒకే నోటివి.

"మళ్ళీ మెట్లేనంట" అన్నాను చీటీ తెచ్చిన అమ్మాయి మాటగా.

బావ ఆ రెండింటినీ కిటికీ వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. ఏదో తేలిక చేద్దామని, మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అనే సామెత ఒకటి విసిరాను. పుట్టినప్పటి నుంచి వింటున్న సామెతే, విన్న ప్రతిసారీ అందరూ నవ్వేదే. బావ నవ్వలేదు. "ఆ సామెత చెప్పింది మొగుడేరా. కొట్టించుకున్నది చెప్పుంటే వేరేలా ఉండేది" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సామెతకి కూడా సంజాయిషీ ఇవ్వాలా అనుకుని మోటారు వేసుకుని కూర్చున్నాను.

ఆ సాయంత్రం బావ ఆసుపత్రికి తనే వెళ్ళాడు. పెద్ద డాక్టరుని పక్కకు పిలిచి, ఈ పిల్లని ఒకసారి అడిగి చూడండి సార్ అన్నాడట. "ఇచ్చిన పని చూసుకో మేస్త్రీ, పోయిన పన్ను ఎందుకు పోయిందో అడగడం మొదలుపెడితే నా దగ్గరికి ఎవడొస్తాడు?" అన్నాడట ఆయన. బావ తిరిగొచ్చి రెండు పళ్ళ ప్లేటు మొదలుపెట్టాడు. నేను చెప్పాల్సింది చెప్పాను.

"మనకెందుకు బావా? ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు. మనం పళ్ళు కడతాం, కాపురాలు కట్టం."

మాట బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. నాలుగు రోజులు అందరికీ చెప్పుకు తిరిగాను. కింది కొట్టాయన నవ్వి భుజం తట్టాడు.

మూడోది ఇంకో ఏడాదికి, ఊరవతల వేరే ఆసుపత్రి నుంచి వచ్చింది. చీటీలో మూడు పళ్ళు, అన్నీ ఎడమవైపువే. ఈసారి ఎడమ కోరపన్ను పోయింది. దానితోపాటు ఎముక కూడా కొంచెం లోపలికి నొక్కుకుపోయి అచ్చులో గుంటలా కనిపిస్తోంది. కోరపన్ను వేరు పొడుగు. అది పోవాలంటే మామూలు దెబ్బ చాలదు. కుడివైపు మెలికపన్ను మాత్రం ఎప్పట్లాగే పక్కదాని భుజం మీద చెయ్యేసుకుని ఉంది.

బావ మూడు అచ్చులూ బల్ల మీద వరసగా పెట్టాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నా వైపు చూశాడు.

"ఒరేయ్, మెట్లు ఒకేవైపు నుంచి ఎన్నిసార్లు కొడతాయిరా?"

"మళ్ళీ మొదలెట్టావా? ఆ ఇంట్లో ఏం జరిగిందో నువ్వు చూశావా? రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు."

"ఇది చప్పట్లా?" అని మూడో అచ్చు నా చేతిలో పెట్టాడు. "కుడిచేత్తో కొట్టేవాడు ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎక్కడ తగులుతుంది? నీకు తెలియదా?"

"నాకెందుకు తెలుస్తుంది?"

ఆయన నా చేతిలోంచి అచ్చు తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మనింట్లో మాత్రం లేవా మెట్లు?"

ఏమంటున్నాడో నాకు అర్థమైంది. అంతకు అయిదేళ్ళ ముందు, కంచంలో పెట్టిన అన్నం చల్లారిందనో ఏదో అని, నేను మా ఆవిడ మీద చెయ్యి చేసుకున్నాను. మా భాష ఎంత మంచిదో చూడండి, కొట్టడానికి కూడా చెయ్యి చేసుకోవడం అనే మర్యాద ఉంది. అదే సమయానికి అక్క గుమ్మంలోకి వచ్చింది, చూసింది, వెళ్ళి బావకి చెప్పింది. ఆ తర్వాత మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా బావ మా ఆవిడ నోటివంక చూసేవాడు. అందరి నోళ్ళూ చూసేవాడే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. కానీ అందరికన్నా ముందే చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణి.

"ఒక్కసారి! ఒక్కసారికే నన్ను వాడితో కలిపేస్తావా?" అని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నా పేరైనా ఎత్తకుండానే నేనే ఒప్పేసుకున్నాను. చేతిలో ఉన్న ప్లాస్టరు గిన్నె గోడకేసి కొట్టి ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు వెళ్ళాను. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మూడు పళ్ళ ప్లేటు చేసి పంపించేశాడు.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. పళ్ళు ఇచ్చేశాక అచ్చులు వెంటనే పారెయ్యం. ప్లేటు బిగుతైనా, విరిగినా మళ్ళీ పనికొస్తాయని కొంతకాలం ఉంచుతాం. మూడేళ్ళకోసారి, ఏడాది చివర అరలు ఖాళీ చేస్తాం. అచ్చులన్నీ గోనెసంచుల్లో వేసి, చెక్కసుత్తితో నుగ్గు చేసి, సందు చివర గుంతల్లో పోస్తాం. ఆ పని నాది. ఆ ఏడాది బావ మాత్రం మెలికపన్ను అచ్చులు మూడూ పాత కాగితంలో చుట్టి, దారంతో కట్టి, మైనం డబ్బాల వెనక పెట్టాడు. నాకు చెప్పలేదు. పెడుతుండగా నేను చూశాను.

అరలు ఖాళీ చేసే రోజున బావ జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. అన్నిటికన్నా ముందు మైనం డబ్బాలు పక్కకి జరిపి ఆ పొట్లం తీశాను. దారం విప్పాను. ఒక్కో అచ్చు అడుగున బావ పెన్సిలుతో తారీకు, ఆసుపత్రి చీటీ నంబరు రాశాడు. రెండోదాని మీద తారీకు కింద 'మళ్ళీ' అని ఉంది. మూడోదాని మీద కూడా 'మళ్ళీ' అనే ఉంది.

అవి ఎవరివో, ఎందుకు దాచాడో నాకు తెలియదని ఏ దేవుడి ముందూ అనలేను. తెలిసే పగలగొట్టాను. అవి అరలో ఉన్నంతకాలం బావ నన్నే చూస్తున్నట్టుండేది. సుత్తి ఒక్కోదాని మీద మూడేసిసార్లు పడింది. కోపంలో కొట్టాననుకున్నాను అప్పుడు. కొట్టాక హాయిగా అనిపించింది. 

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు ఇనప మెట్లెక్కి వచ్చారు. పెద్దావిడ ఒక బడిలో ఆయాగా పనిచేస్తుందట, నీలం చీర మీద బడి బిళ్ళ ఇంకా అలాగే ఉంది. చిన్నామె వెనక నిలబడింది. పెద్దావిడ చేతిలో మేం ప్లేటు పెట్టి పంపే చిన్న అట్టపెట్టె ఉంది. దాని మీద మా ముద్ర.

"అయ్యా, మా అమ్మాయికి పళ్ళు కట్టింది మీరేనా?"

బావ అట్టపెట్టె కేసి చూడలేదు. చిన్నామె వైపు తిరిగి "ఒకసారి నోరు తెరువమ్మా" అన్నాడు. ఆమె ప్లేటు తీసి చేతిలో పట్టుకుని నోరు తెరిచింది. బావ కిటికీ వెలుతురులోకి తిప్పి చూశాడు. మూడేళ్ళుగా ఆమె నోరు అణువణువూ తెలిసిన మనిషి, మొహం చూడటం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని "నువ్వేనా తల్లీ" అన్నాడు.

"ప్లేటు బాగా సరిపోయిందండీ. ఎక్కడా ఒరుసుకోలేదు" అంది ఆ పిల్ల. మమ్మల్ని చూసి మొదట అన్న మాట అది.

తల్లి చెప్పుకొచ్చింది. కూతురు మొగుణ్ణి వదిలి వచ్చేసింది, కేసు పెట్టారు. ఒకేసారి మెట్ల మీంచి పడింది, మూడు పళ్ళూ అప్పుడే పోయాయి, నేనే దగ్గరుండి కట్టించాను అంటున్నాడట వాడు. ఆసుపత్రుల్లో ఒక్కోసారి ఒక్కో పేరు రాయించాడు. ఆ పేర్లతో వచ్చినవాళ్ళెవరో మాకు గుర్తులేదు అంటున్నారు డాక్టర్లు.

"ఈ మూడేళ్ళలో నాలుగుసార్లు ఇంటికొచ్చిందయ్యా. నాతో కూర్చుని నవ్వింది, తిన్నది. కన్నతల్లిని, నాకే తెలియలేదు. అంత చక్కగా కట్టారు మీరు."

ఆవిడ నిందించలేదు. మెచ్చుకుంటున్నట్టే అంది. బావ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. పన్ను కనపడకూడదని ముప్పై ఏళ్ళు తాపత్రయపడ్డ మనిషి. ఆ పిల్ల దెబ్బల్ని అమ్మ కళ్ళబడకుండా దాచింది తన చేతులే అని ఆ క్షణాన ఆయనకి తెలిసింది.

కానీ వెంటనే లేచాడు. "ఒకసారి కాదమ్మా, మూడుసార్లు. నా దగ్గర రుజువుంది. తారీకులతో సహా దాచాను" అని మైనం డబ్బాల దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళాడు. డబ్బాలన్నీ కిందికి దించాడు. అర తడిమాడు. పక్క అర చూశాడు, బల్ల కింద చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా ప్లాస్టరు గిన్నె కడుగుతూ నిలబడ్డాను. కడిగిందే కడుగుతున్నాను.

"ఒరేయ్, ఇక్కడ కాగితం పొట్లం ఒకటుండాలి, చూశావా?"

"నాకేం తెలుసు బావా? ఏడాది చివర అన్నిటితో పాటు పోయుంటుంది."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ వైపు తిరిగి "తప్పు నాదేనమ్మా. వాడికి నేను చెప్పలేదు" అన్నాడు. ఆ మాట అనకుండా నా చెంప పగలగొట్టినా బాగుండేది.

రెండ్రోజులకి ఆ పిల్ల తరఫు లాయరమ్మ వచ్చింది. చిన్న వయసు, మాట కత్తిరించినట్టు ఉంటుంది. మేస్త్రి గారు ఒక్కరి మాట నిలబడదు, జ్ఞాపకం మీద చెప్పేది ఎవరైనా కొట్టిపారేస్తారు, ఆ మూడు అచ్చులూ చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. బావ నా వైపు చూశాడు.

"రోజుకి నాలుగైదు అచ్చులు పోస్తానమ్మా. ఏది ఎవరిదో నాకేం గుర్తుంటుంది?" అన్నాను.

బావ ఒక్కడే వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. అవతలి లాయరు నవ్వుతూనే చీల్చేశాడు. మీరు ఏడాదికి ఎన్ని నోళ్ళు చేస్తారు, ఆరొందలా, మూడేళ్ళకి పద్దెనిమిది వందల నోళ్ళలో ఈవిడ నోరు ఒక్కటే గుర్తుందా, ఆ అచ్చులు ఏవి, పారేశారా, అంత ముఖ్యమైనవి పారేసుకున్నారా? కోర్టు హాల్లో కొందరు నవ్వారు. బావ బోనులోంచి దిగి, ఎవరి నోటివంకా చూడకుండా వచ్చి కూర్చున్నాడు. వాడు, ఆ మొగుడు, ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చూడటానికి ఎంత మామూలుగా ఉన్నాడో. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. బస్సులో పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చే రకం మనిషి. వాడిలో రాక్షసుడి పోలిక ఏదైనా దొరుకుతుందేమో, దొరికితే నేను వేరు వాడు వేరు అనుకోవచ్చని తెగ వెతికాను. దొరకలేదు.

వాయిదాకి ఇంకా వారం ఉంది.  ఆ ఆదివారం పొద్దున మా ఆవిడ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. పొట్లం, పెన్సిలు రాత, సుత్తి అన్నీ. ఆమె మడతపెట్టడం ఆపలేదు.

"ఎందుకు పగలగొట్టారు?" అంది.

"బావ నన్ను వాడితో పోల్చాడు. నేనేదో ఒక్కసారి..."

"ఒక్కసారా?"

తువ్వాలు మడత సగంలో ఆగింది.

"పెద్దాడికి ఏడాది కూడా నిండలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఎందుకు ఆలస్యమైందని గుమ్మంలోనే అడిగాను. వాడు నా చంకలో ఉండగానే కొట్టారు. అది ఒకటి. మా అన్నయ్య కొత్తింట్లో అందరి ముందూ మీ మాటకి ఎదురు చెప్పానని, వంటింటి తలుపు వెనక్కి లాక్కెళ్ళి కొట్టారు. మొహం కడుక్కుని వచ్చి అందరికీ వడ్డించాను. అది రెండు. మీకు గుర్తున్నది మూడోది. అది మీ అక్కగారు చూశారు కాబట్టి గుర్తుంది. ఎవరూ చూడనివి మీకు గుర్తుండవు."

కాదు అందామని నోరు తెరిచాను. ఆమె చెబుతుంటే తలుపు రంగు గుర్తొచ్చింది, బిడ్డ ఏడుపు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ అబద్ధం ఆడుతున్నానని కూడా నాకు తెలియదు. ఒక్కసారే అని నిజంగానే నమ్మాను. వాడు కోర్టులో మూడింటిని ఒకటి చేస్తున్నాడు. నేను నా ఇంట్లో ఎప్పుడో చేసి కూర్చున్నాను.

"నన్ను ఏం చెయ్యమంటావు?" అని అడిగాను.

"నన్నడక్కండి. ఇది కూడా నేనే చెప్పాలా?" అని బట్టలు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

చొక్కా తగిలించుకుని నేరుగా బావ దగ్గరికి వెళ్ళాను. ఆయన పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. చెప్పాను. చెంబు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. ఆ కాసేపట్లో ఆయన నాకు పరాయివాడైపోయినట్టు అనిపించింది.

"తప్పు నాదని ఆ తల్లితో చెప్పానురా నేను" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఎందుకు పగలగొట్టావో కోర్టులో అడుగుతారు. అది కూడా చెబుతావా?" అన్నాడు.

"చెబుతాను బావా."

"అయితే రేపు లాయరమ్మ దగ్గరికి పోదాం పద."

వాయిదా రోజున మా ఆవిడ నేను రమ్మనకుండానే చీర మార్చుకుని బయల్దేరింది. బోనులో నిలబడి నేను చూసింది చూసినట్టు చెప్పాను. మూడు అచ్చులు, మూడు తారీకులు, ఏ పన్ను ఎప్పుడు పోయింది, కోరపన్ను దగ్గర గుంట, పెన్సిలుతో రాసిన 'మళ్ళీ'. రోజుకి నాలుగైదు అచ్చులు పోసేవాడికి ఇదంతా ఎలా గుర్తుందని అవతలి లాయరు అడిగాడు. పగలగొట్టే ముందు ఒక్కోటీ తిప్పి చూశాను కాబట్టి గుర్తుందన్నాను.

"తెలిసే పగలగొట్టారా? సాక్ష్యాన్ని? ఎందుకు?" ఆయన మొహం వెలిగింది.

"నేను కూడా ఇంట్లో చెయ్యి చేసుకున్నవాణ్ణే. అవి చూస్తుంటే భయమేసింది."

"ఓహో. అంటే భార్యని కొట్టేవాడివి. నీ మాట ఈ కోర్టు నమ్మాలి. ఎన్నిసార్లు కొట్టావు?"

అంతవరకూ మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు. నాకు కోపం రాలేదు. నాలుక మీదికి మళ్ళీ ఒక్కసారే అనే పాత మాటే వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? వెనక బెంచీలో మా ఆవిడ తల పైకెత్తి చూస్తోంది.

"మూడుసార్లు" అన్నాను. "కొట్టానండి. చెయ్యి చేసుకోవడం కాదు, కొట్టాను."

గుమస్తా అది కూడా రాసుకున్నాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో వాడు కాలు మీంచి కాలు తీశాడు. ఏడాది తర్వాత తీర్పు వచ్చింది, వాడికి శిక్ష పడింది. చాలదని బావ ఇప్పటికీ అంటాడు. ఇప్పుడు కొలతతో వచ్చే ప్రతి చీటీ మీదా, ఎలా పోయింది, ఎవరు చెప్పారు అని రెండు గీతలు అచ్చు వేయించాడు. అవి నింపని ఆసుపత్రుల పని తీసుకోవడం లేదు. రెండు ఆసుపత్రులు మమ్మల్ని మానేశాయి.

ఆ రోజు సాక్ష్యం అయ్యాక కోర్టు వరండాలో ఆ పిల్ల తల్లి నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఏ చేతులతో ఏం చేశానో లోపల గంట క్రితమే విన్నది, అయినా పట్టుకుంది.

"నువ్వు మంచివాడివి బాబూ. నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు" అంది.

నేను చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను. పక్కనే ఉన్న మా ఆవిడ మెల్లగా, ఆవిడకి నొప్పి కలగకుండా చెప్పింది.

"మంచివాడు కాదమ్మా. ఇవాళ నిజం చెప్పారు, అంతే."

పెద్దావిడ ఒకసారి నన్ను, ఒకసారి ఆమెని చూసింది. చూసి, నా చేతులు వదిలేసి మా ఆవిడ చేతులు పట్టుకుంది.